తల వంచు

ఆ వేసవిలో నేను డ్యూటీ నుంచి ఇంటికొచ్చిన ప్రతిసారీ మా అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఒకే ప్రశ్న అడిగేది.

"శవాన్ని ముట్టుకున్నావా?"

నాది ఫైర్‌మన్ ఉద్యోగం. నరసరావుపేట స్టేషన్‌లో పదకొండేళ్ళుగా చేస్తున్నాను. అగ్గి అంటుకున్న చోట అప్పుడప్పుడూ మనుషులు కూడా పోతారు. వాళ్ళని బయటికి మోసేది మేమే. మామూలు రోజుల్లో అయితే మా అమ్మ మస్తానమ్మకి ఆ సంగతి పట్టేది కాదు. కానీ అప్పుడు నా భార్య గోపిక కడుపుతో ఉంది. అంతకు ముందు రెండుసార్లు నిలిచినట్టే నిలిచి పోయింది, ఒకసారి మూడో నెలలో, ఒకసారి నాలుగు దాటాక. ఒక డాక్టరమ్మ రక్తం తక్కువంది, ఇంకో డాక్టరు ఏ లోపమూ లేదన్నాడు. మా అమ్మ వాళ్ళిద్దరినీ పక్కనపెట్టి తనకు తెలిసిన పద్ధతులన్నీ బిగించేసింది. కడుపుతో ఉన్నదాని మొగుడు శవాన్ని ముట్టకూడదు. ఉద్యోగధర్మం కొద్దీ ముట్టినా, వీధి కుళాయి దగ్గరే బట్టలతో సహా తడిసి, పసుపునీళ్ళు చల్లుకుని, వేరే బట్టలు కట్టుకున్నాకే గడప దాటాలి. 'లేదు' అంటే మాత్రం పక్కకి తప్పుకుని దారి ఇచ్చేది. ముఖం నిండా మసి ఉన్నా, ఒళ్ళంతా పొగ కంపు కొడుతున్నా ఆమెకి పట్టింపు లేదు.

నేను 'లేదు' అనేవాణ్ణి, అదే అవతారంతో లోపలికి వెళ్ళేవాణ్ణి. గోపిక నా చొక్కా అందుకునేది.

ఆరోగ్యస్వామి మా స్టేషన్‌కి లీడింగ్ ఫైర్‌మన్‌గా, అంటే మా జట్టుకి పెద్దగా, వచ్చింది సరిగ్గా శివరాత్రి ముందు వారం. మాచర్ల నుంచి బదిలీ. రిటైర్మెంటుకి ఇంకా ఏడాదిన్నర ఉంది. సన్నగా, ఎండి ఉండే మనిషి, గొంతు పెంచి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆయన్ని ఏదో మూడు రోజుల ట్రైనింగుకి పంపితే తక్కిన వాళ్ళంతా సర్టిఫికెట్లు పట్టుకొచ్చారట, ఈయన ఒక బ్రష్షు పట్టుకొచ్చాడట. మా డ్రైవర్ త్రికోటేశ్వరరావు ఆయన కంటే ముందే ఈ కబురు మోసుకొచ్చాడు. వచ్చిన రోజే స్టేషన్‌లో ఆయనకి 'సబ్బుల స్వామి' అని పేరు పడిపోయింది. పెట్టింది నేనే.

శివరాత్రికి మా బండి కోటప్పకొండ కింద పెట్టారు. మధ్యాహ్నం తిరునాళ్ళకి కట్టుకొచ్చిన ఒక ఎత్తయిన ప్రభ పైన కరెంటు తీగ రాపిడికి గుడ్డలు అంటుకున్నాయి. పది నిమిషాల పని. ఆర్పేసి, జనం చప్పట్లు కొడుతుంటే మీసం మీద చెయ్యేసుకుని బండెక్కబోయాను. ఆరోగ్యస్వామి తలుపుకి అడ్డం నిలబడ్డాడు. ఆయన పక్కన ఒక బకెట్టు, సబ్బునీళ్ళు, ఆ బ్రష్షు. ఎవరూ ఎక్కొద్దు, వరసగా నిలబడండి, ముందు పైనుంచి కిందికి నీళ్ళు కొడతాను, తర్వాత మెడ, చెవుల వెనక, చేతులు రుద్దుతాను, ఆ తర్వాతే మంచినీళ్ళయినా మరేదయినా అన్నాడు. లక్షల జనం మధ్యలో మమ్మల్ని నిలబెట్టి గేదెల్ని కడిగినట్టు కడుగుతానంటాడు. నాకు ఒళ్ళు మండింది.

"తల వంచు బ్రహ్మాజీ," అన్నాడు నా వంతు వచ్చినప్పుడు.

"తల వంచే రకం కాదు సార్ నేను," అన్నాను.

తక్కిన నలుగురికీ రుద్దాడు. ఆఖరున తనకు తాను రెండు చెంబులు పోసుకున్నాడు. తర్వాత బండి సీటు మీద ఒక పాత ఫ్లెక్సీ పరిచి, నన్ను దాని మీద కూర్చోమన్నాడు. కడుక్కోని మనిషి కూర్చుంటే ఆ మసంతా సీటుకి అంటి రేపు ఇంకొకడికి అంటుకుంటుందట. కొండ నుంచి పేట దాకా ఎవరో నాయకుడి నవ్వు ముఖం మీద కూర్చుని వచ్చాను. త్రికోటేశ్వరరావు దారంతా అద్దంలో చూసి నవ్వుతూనే ఉన్నాడు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ రోజు నుంచి ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఇందులో నా పొగరు ఎంత ఉందో మీకు తెలియాలంటే నా హెల్మెట్ గురించి చెప్పాలి. అది ఇచ్చినప్పుడు పసుపు రంగు. పదకొండేళ్ళ మసి పట్టి కుండ అడుగులా అయింది. మాలో ఎవడి హెల్మెట్ ఎంత నలుపైతే వాడికి అంత సీనియారిటీ. దాన్ని కడగడమంటే నా సర్వీసంతా కడిగి మోరీలో పోయడమే అనుకునేవాణ్ణి.

మార్చి ఆఖరులో ఊరి బయట పత్తి మిల్లు అంటుకుంది. పత్తి మంట తెలుసు కదా, పైకి ఆరినట్టే ఉండి, నొక్కి కట్టిన బేలు లోపల రగులుతూనే ఉంటుంది. ఆరు గంటలు పట్టింది. అందరూ కడుక్కోవడానికి వరస కడుతుంటే నేను సందు చూసుకుని తెలిసినవాడి బండెక్కి ఇంటికి జారుకున్నాను. అమ్మ అడిగింది, లేదన్నాను, తప్పుకుంది. గోపికకి అప్పుడు ఐదో నెల. నా చొక్కా విప్పించుకుని, ముక్కుకి ఆనించుకుని వాసన చూసింది. ఆ వాసన తనకి ఇష్టమని ఎప్పుడూ అనేది. ఊళ్ళో వాళ్ళ సొత్తు కాపాడి వచ్చిన వాసనట. తర్వాత పెరట్లో పీట వేసుకుని టబ్బులో ఆ చొక్కా పిసుకుతూ కూర్చుంది. మోచేతుల దాకా నల్లటి నీళ్ళు. కడుపు అడ్డం వస్తుంటే పక్కకి ఒరిగి మరీ ఉతికింది. నేను అరుగు మీద కూర్చుని మురిసిపోతూ చూశాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు స్టేషన్‌లో ఆరోగ్యస్వామి నా ఇస్త్రీ చొక్కా వంక చూసి, ఎవరు ఉతికారని అడిగాడు. మా ఆవిడ అన్నాను గర్వంగా. ఆమె కడుపుతో ఉందని ఆయనకీ తెలుసు. చేతిలో ఉన్న పైపు చుట్టడం పూర్తిచేశాడు. తర్వాత నా పక్కన కూర్చుని, తన సంగతి చెప్పాడు.

ఇరవై ఏడేళ్ళ కిందట ఒక నూనె మిల్లు మంట ఆర్పి ఇంటికెళితే, ఐదు నెలల కొడుకు ప్రదీప్ గుక్కపట్టి ఏడుస్తున్నాడట. భార్య మేరీ పిల్లాణ్ణి చేతికిచ్చింది. ఆ బట్టలతోనే భుజాన వేసుకుని జోకొట్టాడు. పిల్లాడు ఆయన కాలరు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ నిద్రపోయాడు. ఆ ఒక్కసారే కాదు, తర్వాత ఎన్నోసార్లు అలాగే జరిగింది. ఇప్పుడు ప్రదీప్ గురజాలలో టీచరు. జేబులో ఉబ్బసం మందు లేకుండా గడప దాటడు.

"పొగ వల్లేనా సార్?" అన్నాను.

"తెలవదయ్యా. ఏ డాక్టరూ అవునన్లా, కాదన్లా. వాడు దగ్గినప్పుడల్లా ఆ కాలరే గుర్తొచ్చిద్ది. తెలవకపోవడం ఉంది చూడు, అది చానా కష్టం."

అంతే చెప్పి లేచి వెళ్ళిపోయాడు. పోయిన రెండుసార్లూ గోపికే ఉతికింది. ఆ చేతులతోనే, ఆ పెరట్లోనే. దానివల్లే పోయాయని ఎవరూ చెప్పలేరు, కాదనీ చెప్పలేరు.

ఇంట్లో చెప్పేద్దామనుకున్నాను. కానీ ఏమని చెప్పను? 'నువ్వు ప్రేమగా వాసన చూసిన చొక్కాయే మన పిల్లల్ని మింగిందేమో' అని గోపికతో ఎలా అనను? చెప్పకుండా పని జరిగే దారి వెతికాను. దారి మా గుమ్మంలోనే ఉంది.

ఆ వారం రొంపిచర్ల వైపు గడ్డివాము తగలబడింది. ఆ మంటలో కోడిపిల్ల కూడా చావలేదు. ఇంటికి రాగానే అమ్మ అడిగింది. "ముట్టుకున్నా," అన్నాను.

ఇక చూడాలి మా అమ్మ హడావిడి. నన్ను గడప దరిదాపులకి రానివ్వలేదు. కుళాయి కింద కూర్చోబెట్టి తల మీద నుంచి పది బిందెలు పోసింది. విప్పిన బట్టల్ని కర్రతో ఎత్తి గోడ అవతల పడేసి, వాటిని గోపిక చూడటానికి కూడా వీల్లేదంది. ఆరోగ్యస్వామి బ్రష్షు కూడా అంత పని చేయలేదు. నా తెలివికి నేనే సంబరపడిపోయాను. నాలుగు రోజుల తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. అప్పుడూ ముట్టుకున్నానన్నాను. ఆ తర్వాత మిర్చి బస్తాల లారీ. తుమ్ములతో, మండే కళ్ళతో ఇంటికెళ్ళి లారీ డ్రైవర్ని కూడా చంపేశాను.

మూడో శవానికి అమ్మ బిందె కింద పెట్టి మెట్టు మీద కూలబడింది.

"పది రోజుల్లో ముగ్గురా? కడుపుతో ఉన్న పిల్లని ఇంట్లో పెట్టుకొని? కాన్పయ్యేదాకా నువ్వీ ఉజ్జోగానికి పోమాక. నేనొచ్చి మీ ఆఫీసరు కాళ్ళు పట్టుకుంటా," అంది. అంతవరకూ అది నాకు తమాషాగానే ఉంది. అప్పుడు మాత్రం భయమేసింది.

మర్నాడు అమ్మకి కూరగాయల మార్కెట్లో త్రికోటేశ్వరరావు కనబడితే, పాపం ఆ లారీ డ్రైవరుది ఏ ఊరు, పిల్లలెంతమంది అని అడిగిందట. వాడు తెల్లబోయి, ఆ డ్రైవరు పొద్దున తనతో కలిసి టీ తాగాడు పిన్నీ అన్నాడట. కూరల సంచి అలాగే పట్టుకుని తిన్నగా స్టేషన్‌కి వచ్చేసింది.

ఆ సమయానికి ఆరోగ్యస్వామి షెడ్డు వెనక కోట్లన్నీ ఒక డ్రమ్ములో నానబెట్టి, చేతులకి రబ్బరు తొడుగులేసుకుని కర్రతో తిప్పుతున్నాడు. నేను పక్కన పైపులు ఆరేస్తున్నాను.

"ఒరేయ్, బతికున్నోళ్ళని చంపి నాకెందుకు చెప్పావురా?" అంది అమ్మ వస్తూనే.

నాకు తల కొట్టేసినట్టయింది. నసుగుతూ మొత్తం కక్కేశాను. శవం ఉందంటేనే కదా బయట కడుక్కోనిస్తావు, అందుకని చెప్పానన్నాను. ఆరోగ్యస్వామి నవ్వుతాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. "అక్కా, ఇట్టా రా," అని మా అమ్మని డ్రమ్ము దగ్గరికి పిలిచాడు. నీళ్ళు తారులా ఉన్నాయి. అమ్మ వేలు ముంచబోయింది.

"ముట్టుకోమాక. వాసన చూడు చాలు."

అమ్మ ముక్కుకి అడ్డం పెట్టుకున్న కొంగు తీసి, కొంచెం వంగి వాసన చూసింది. ఆమె ముఖం మారిపోయింది. మా నాన్న బతికుండగా ఇద్దరూ కౌలు చేలల్లో పత్తికి, మిరపకి మందు కొట్టినవాళ్ళు. మందు కొట్టి వచ్చిన నాన్నని అమ్మ చేలో బోరు దగ్గరే నిలబెట్టేదని, ఆ బట్టలు ఇంటి బట్టల్లో కలపనిచ్చేది కాదని, చేతులు కడగకుండా బీడీ ముట్టిస్తే బీడీ లాగి విసిరేసేదని నాకు బాగా గుర్తు. ఆ అమ్మే నన్ను మసితో లోపలికి రానిచ్చింది. మసి అంటే ఆమెకి పొయ్యి దగ్గరి మసే. అన్నం వండే మసి ఎవరినేం చేస్తుంది అనుకుంది. నేనూ అంతే అనుకున్నాను.

"ఇదీ మందు లాంటిదేనా తమ్ముడూ?" అంది.

"అంతకంటే ఎక్కువే అక్కా. కాలిందాంట్లో ఏమేం ఉన్నాయో మనకి తెలవదు గదా. ప్లాస్టిక్కు, రంగులు, మందులు, అన్నీ కలిసి ఒంటికి పట్టేస్తాయి."

అమ్మ నా వైపు తిరిగింది. "శవమైతే రెండు బిందెలకి పోయిద్ది. ఇది అట్టా పోయేదా? ఈ ముక్క నాకు చెప్పలేకపోయావా?"

"పోయిన రెండుసార్లూ గోపికే ఉతికిందమ్మా," అన్నాను.

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత సంచి సర్దుకుంది. గోపికకి ఏం చెప్పాలో తాను చూసుకుంటానంది. నిజంగానే చూసుకుంది. ఆ సాయంత్రం నా ముందే, "ఏమే గోపికా, ఇక వాడి బట్టలు స్టేషన్లోనే ఉతుకుతారంట, గవర్నమెంటోళ్ళ కొత్త రూలు," అని, అక్కడితో ఆ కథ ముగించేసింది. నా మూడు శవాల అబద్ధం కంటే ఆ ఒక్క అబద్ధం ఎంత పెద్దమనసుదో నాకు తర్వాత అర్థమైంది.

అంతకు ముందు, స్టేషన్ నుంచి వెళ్ళబోతూ అమ్మ ఆరోగ్యస్వామి మెడ వంక చూసి ఆగింది. వెనక కాలరు కింద నల్లటి చార ఉంది. "అందరికీ రుద్దేవాడివి. నీ మెడ ఎవరు రుద్దుతారయ్యా?" అంది. తాను ఆఖరి మనిషినని, అప్పటికి అందరూ బండెక్కేస్తారని ఆయన నవ్వేశాడు. నాకు సిగ్గేసింది. అయినా ఆ బ్రష్షు అందుకునేంత సిగ్గు మాత్రం వేయలేదు.

ఆ రోజు నుంచి గుమ్మంలో ప్రశ్న మారింది. "కడుక్కున్నావా?" అని అడగడం మొదలుపెట్టింది. నేనూ వరసలో నిలబడటం మొదలుపెట్టాను. కాకపోతే ఆయన చేతికి చిక్కకుండా నా అంతట నేనే నాలుగు చెంబులు పోసుకుని, అయిందనిపించి బండెక్కేవాణ్ణి. తల వంచలేదు. హెల్మెట్ కడగలేదు.

రోహిణి కార్తెలో ఒక ఆదివారం మధ్యాహ్నం సత్తెనపల్లి రోడ్డులో పురుగుమందుల గోడౌన్ అంటుకుంది. ఆ ఎండకి రోడ్డు మీద తారు కరిగి బూట్లకి అంటుకుంటోంది. బండిలో ఉన్నవి రెండే గాలి సిలిండర్లు. ఒకటి ఆరోగ్యస్వామి తగిలించుకున్నాడు, ఒకటి నాకిచ్చాడు. మాస్కులు పెట్టుకుని ఇద్దరం లోపలికి వెళ్ళాం. ఆయన పైపు ముందు భాగం పట్టుకున్నాడు, నేను వెనక. డబ్బాలు పగులుతున్నాయి, సీసాలు పేలుతున్నాయి, పైనుంచి ఏదేదో కారుతోంది. ఆ పొగలో ఆయన చెయ్యి రెండుసార్లు వెనక్కి వచ్చి నా మాస్కు పట్టీ బిగుతుగా ఉందో లేదో తడిమి చూసింది. అరవై దగ్గరపడిన మనిషి, పెద్ద సిలిండరు వీపున మోస్తూ, నా ఊపిరి సంగతి చూసుకుంటున్నాడు. అలాంటి మనిషికి పేరు పెట్టి నవ్వినందుకు ఆ పొగలో నామీద నాకే రోత పుట్టింది.

సిలిండర్లలో ఇంకో పది నిమిషాల గాలి ఉండగా బయటికి వచ్చాం. మంట అదుపులోకి వచ్చింది, తక్కిన వాళ్ళు బయటి నుంచి నీళ్ళు కొడుతున్నారు. త్రికోటేశ్వరరావు నా ఫోను పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. అమ్మ నాలుగుసార్లు చేసిందట. గోపికకి నొప్పులట, ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళారట. ఏడో నెల నడుస్తోంది.

మంట చూడటానికి వచ్చిన ఒకతని బైకు తాళం కోసం చెయ్యి చాపాను. ఆరోగ్యస్వామి మధ్యలోకి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నాలుగు నిమిషాలు," అన్నాడు.

వదలమన్నాను. వదల్లేదు. అనరాని మాటలన్నీ అన్నాను, ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుపడే మాటలు. రెండు చేతులతో గుండెల మీద తోసేశాను. వెనక్కి పడబోయి బండి రేకు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. మళ్ళీ వచ్చి నా ఎదురుగానే నిలబడ్డాడు.

"నన్ను తర్వాత కొడుదువుగాని. ముందు తల వంచు."

ఎందుకు వంచానో నాకు తెలియదు. ఆ గొంతులో కోపం లేదు. కడిగిన నీళ్ళు పక్క కాలువలో కలవకుండా నన్ను ఇసుక కుప్ప దగ్గరికి నడిపించాడు. మాస్కు తీయనివ్వలేదు. పైనుంచి నీళ్ళు వదిలాడు. నేను కళ్ళు దించి బూట్ల వంక చూశాను. నా ఒంటి మీద నుంచి పాలు కారుతున్నాయి. తెల్లగా, చిక్కగా, కోటు మీద నుంచి బూట్ల మీదికి, అక్కణ్ణుంచి ఇసుకలోకి. పురుగుమందు నీళ్ళలో పడితే అలా పాలలా అవుతుందని పల్నాడులో చిన్న పిల్లలకి కూడా తెలుసు. నేను ఆ పాలతోనే ఆస్పత్రికి వెళ్ళబోయాను. నా భార్య మంచం మీద కూర్చోబోయాను.

ఇక నేను కదల్లేదు. ఆయన చెవుల వెనక, మెడ మీద, గోళ్ళ సందుల్లో రుద్దాడు. పాలలా ఉన్న నీళ్ళు పలచబడి, మామూలు నీళ్ళు అయ్యేదాకా పోశాడు. కోటు, చొక్కా, ప్యాంటు విప్పించి సంచిలో వేసి మూతి కట్టాడు. ఆ తర్వాతే మాస్కు తీయించి, ముఖం కూడా తోమించాడు. అంతా కలిపి నాలుగు నిమిషాలు అయిందో ఐదు అయిందో. క్యాబిన్‌లో తన సంచి ఉందని, దాంట్లో లుంగీ, చొక్కా ఉన్నాయని త్రికోటేశ్వరరావుతో తెప్పించాడు. తెల్ల చొక్కా, మడత నలగలేదు. పొద్దున ఆదివారం పూజకి చర్చికి వేసుకెళ్ళి, అటు నుంచటే డ్యూటీకి వచ్చిన చొక్కా అది.

"మీరూ రండి సార్," అన్నాను. ఎందుకో ఒంటరిగా వెళ్ళాలంటే భయమేసింది.

"నేనింకా కడుక్కోలా. నువ్వు పో," అని రెండు అడుగులు వెనక్కి జరిగాడు. నాకు తన కోటు తగలకుండా.

ఆస్పత్రి వరండాలో అమ్మ నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. అంతలోనూ తలుపుకి అడ్డం తిరిగి, "కడుక్కున్నావా?" అంది. ఆమె నా చొక్కా కాలరు పట్టుకుని దగ్గరికి లాగి, మెడ దగ్గర వాసన చూసి తప్పుకుంది.

నొప్పులు తగ్గాయట. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందట. కాన్పయ్యేదాకా మంచం దిగకూడదని చెప్పి డాక్టరమ్మ వెళ్ళిపోయింది. గోపిక నన్ను చూడగానే రెండు చేతులూ చాపి, నా మెడ వంపులో ముఖం దాచుకుని ఏడ్చింది. వెచ్చటి ఊపిరి నా మెడకి తగులుతోంది. ఏడుపు ఆగాక, గట్టిగా ఊపిరి పీల్చింది.

"ఎవరి చొక్కా బావా ఇది? నీ దగ్గర ఏ వాసనా లేదు."

అప్పుడు నేను ఏడ్చాను. మా పెళ్ళయ్యాక ఆమె ముందు ఏడవడం అదే మొదటిసారి. ఆమె నన్ను ఓదారుస్తూ, తనకేమీ కాలేదని చెబుతూనే ఉంది. నేను దేనికి ఏడుస్తున్నానో ఆమెకి తెలియదు. ఇప్పటికీ తెలియదు.

ఆ తెల్ల చొక్కా అమ్మ ఉతికి ఇస్త్రీ చేయించింది. అది తిరిగి ఇవ్వడానికి వెళ్ళిన రోజునే నా హెల్మెట్ కడిగాను. రెండు గంటలు తోమితే పసుపు రంగు బయటపడింది. త్రికోటేశ్వరరావు చూసి, కొత్తగా చేరావా అన్నాడు. అవునన్నాను.

మళ్ళీ బెల్లు మోగింది జూన్ రెండో వారంలో. టైర్ల కొట్టు. ఆర్పాక ఆరోగ్యస్వామి ఎప్పటిలాగే బకెట్టు దింపాడు. నేనే ముందు వెళ్ళి, చెప్పక ముందే తల వంచాను. రుద్దాడు. ఒక్కొక్కరూ కడుక్కుని బండెక్కుతున్నారు. నేను ఎక్కలేదు. అందరిదీ అయ్యాక ఆయన చెంబు అందుకోబోయాడు. నేను ముందే బ్రష్షూ పైపూ తీసుకున్నాను.

"బాబాయ్, కొట్టమన్నావుగా. అటు తిరుగు," అన్నాను.

అంతకు ముందు ఎప్పుడూ ఆయన్ని బాబాయ్ అనలేదు. ఆయన నా వంక, నా చేతిలోని పైపు వంక చూశాడు. నెమ్మదిగా అటు తిరిగి తల వంచాడు. నీళ్ళు కొట్టాను. కాలరు కింద ఆ నల్లటి చార ఎన్నేళ్ళదో తెలియదు, ఒక పట్టాన వదల్లేదు. ఆ మెడ మీద చర్మం ముడతలు పడి, చిన్న చిన్న కాలిన మచ్చలతో ఉంది. ఇంతకాలం మా అందరి వెనక నిలబడిన మనిషి వెనక ఎవరూ నిలబడలేదు. రుద్దుతున్నంతసేపూ ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నేను ముందుకెళ్ళి చూడలేదు. బండిలో నుంచి ఎవరూ తొందరపెట్టలేదు. త్రికోటేశ్వరరావు ఇంజను ఆపేశాడు.

ఆగస్టు మొదట్లో పాప పుట్టింది. మూడు కిలోలు, బోలెడు జుట్టు. అందరిళ్ళలో లాగే ఏడుస్తుంది, అందరిళ్ళలో లాగే నిద్రపోనివ్వదు. పాప ఇంటికొచ్చాక జరిగిన మొదటి మంట ఒక పూరిపాక. అక్కడే కడుక్కుని, స్టేషన్‌లో స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుని ఇంటికి వెళ్ళాను. అమ్మ పాపని ఎత్తుకుని గుమ్మంలో అడ్డంగా నిలబడి ఉంది. కడుక్కున్నానమ్మా అన్నాను అడక్కముందే.

"నీ సంగతి కాదు. ఆయన మెడ ఎవరు రుద్దారు?" అంది.

"నేనే."

"అయితే ఇంద," అని పాపని నా చేతుల్లో పెట్టింది.